తెర మారితే తెలుగు మాయం
ప్రజెంటేషన్‌ను వెబ్ పేజీగా మార్చడం నిమిషాల పని. అక్షరాలను కాపాడటంలోనే ఉంది తంటా.

పవర్‌పాయింట్‌లో తయారుచేసిన పాఠం టీచరు కంప్యూటర్‌లో ముచ్చటగా కనిపిస్తుంది. వెబ్‌సైట్‌లోకి ఎక్కించాక చూస్తే తెలుగు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు. లేదంటే అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు.

ఫైలు దించుకునే పని లేకుండా స్లైడ్లను నేరుగా బ్రౌజర్‌లోనే చూపించే పద్ధతికి ఊపు తెచ్చింది స్లైడ్‌షేర్. రష్మీ సిన్హా, ఆమె భర్త జొనాథన్ బూటెల్, సోదరుడు అమిత్ రంజన్ 2006లో దాన్ని ప్రారంభించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక కార్యాలయం, ఢిల్లీలో ఇంకొకటి. 2012లో లింక్డ్‌ఇన్ దాదాపు 12 కోట్ల డాలర్లకు కొనేసింది. 2020లో స్క్రైబ్డ్ చేతికి వెళ్లింది.

ఇలాంటి సైట్లలో తెర వెనుక జరిగే తంతు పెద్ద రహస్యమేమీ కాదు. వచ్చిన ఫైలు వరుసలో నిలబడుతుంది. మార్పిడికి కేటాయించిన సర్వర్ దాన్ని తెరిచి ఒక్కో స్లైడునూ బొమ్మగానో, పీడీఎఫ్‌గానో మారుస్తుంది. లిబ్రెఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనూ ఈ పని అవుతుంది. ఒకసారి మార్చి దాచుకుంటే వెయ్యి మంది చూసినా మళ్లీ మార్చనక్కర్లేదు. స్లైడ్‌షేర్ మొదట్లో ఫ్లాష్‌ను నమ్ముకుంది. ఐఫోన్, ఐప్యాడ్ దాన్ని గడప తొక్కనివ్వకపోవడంతో 2011లో హెచ్‌టీఎంఎల్5కు మారింది.

మార్పిడిలో కొన్ని పోతాయి. క్లిక్ చేస్తేనే జవాబు కనిపించేలా పెట్టిన క్విజ్ స్లైడు బొమ్మగా మారితే ప్రశ్న, జవాబు ఒకేసారి ప్రత్యక్షమవుతాయి. పిల్లలకు పండగే.

అక్షరాల సంగతి అంత సరదాగా తీసుకునేది కాదు. స్లైడులో వాడిన ఫాంటు టీచరు కంప్యూటర్‌లో ఉంటుంది, సర్వర్‌లో ఉండకపోవచ్చు. యూనికోడ్‌లో టైపు చేసి ఉంటే సర్వర్‌లో ఏదో ఒక తెలుగు ఫాంటు పెడితే చాలు. అను వంటి పాత ఫాంట్ల తీరు వేరు. అవి ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చినవి. ఆ ఫాంటు లేకపోతే మిగిలేది ఇంగ్లిష్ గందరగోళమే.

ఇంట్లోనే ఫాంటుతో సహా పీడీఎఫ్ చేసి ఎక్కించడం చాలామంది వాడే చిట్కా. కంటికి తెలుగు కనిపిస్తుంది. లోపల మాత్రం పాత గందరగోళమే. గూగుల్‌లో వెతికితే ఆ పాఠం దొరకదు. చూపులేని విద్యార్థికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆ పిచ్చి అక్షరాలనే వల్లిస్తుంది. బొమ్మలు మాత్రమే పెట్టిన పేజీలో దానికి చదవడానికి అసలేమీ ఉండదు. కాబట్టి బొమ్మతోపాటు స్లైడులోని మాటలను యూనికోడ్‌లో పేజీకి జతచేయాల్సిందే. అదేమంత ఖర్చయ్యే పనీ కాదు.

పాత పాఠాలతోనే చిక్కు. అసలు ఫైలు భద్రంగా ఉంటే ఫాంటు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, పొల్లులు సరిచూసి మళ్లీ ఎక్కించవచ్చు. బొమ్మలే మిగిలితే టీచరు మళ్లీ కీబోర్డు ముందు కూర్చోవాలి.