గొడుగు లేనిదే గడప దాటని ఊరు

ఫిజీ రాజధాని సువాలో వాన పడని నెల ఉండదు. ఏడాది మొత్తం మీద దాదాపు 3,000 మిల్లీమీటర్లు కురుస్తుంది. అంత వాన చూడాలంటే హైదరాబాద్‌కు మూడేళ్లకు పైగా పడుతుంది. ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలు పసిఫిక్ తేమను మోసుకొచ్చి వీటీ లేవు దీవి నడుమ ఉన్న కొండల్ని తాకుతాయి. సువా సరిగ్గా ఆ గాలి తగిలే వైపున ఉంది. కొండలకు అవతల, పడమటి తీరాన ఉన్న నాండిలో విమానం దిగిన యాత్రికులు ఎండ కాచుకుంటుంటే, ఇవతల సువాలో తీగ మీద ఆరేసిన చొక్కా మూడో రోజుకీ చెమ్మగానే ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానాకాలం. తుఫాన్ల కాలమూ అదే. మిగతా ఆరు నెలల్నీ పొడికాలం అంటారు కానీ ఆ మాట పడమటి తీరానికే నప్పుతుంది. బజారుకు బయల్దేరిన సువా మనిషి సంచీ మరిచిపోవచ్చు, గొడుగు మరిచిపోడు.

ఈ ఊళ్లో సామంబులా గుట్ట మీద, సముద్రానికి అభిముఖంగా ఒక తెల్లని మందిరం ఉంది. యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం కట్టుకున్నది. లోకంలో ఎక్కువమంది మార్మన్లు అని పిలిచే సంఘం అదే. ఫిజీలో ఆ సంఘ సభ్యులు ఇరవై వేల పైచిలుకు. ఆ మందిరంలోనూ, ఊళ్లోని మిషన్ కార్యాలయంలోనూ, సంఘం నడిపే బడిలోనూ తలనెరిసిన విదేశీ దంపతులు కొందరు కనిపిస్తారు. ఛాతీ మీద నల్లటి పేరుపలక, కాళ్లకు చెప్పులు, చేతిలో గొడుగు. భర్తను ఎల్డర్ అని, భార్యను సిస్టర్ అని ఇంటిపేరు కలిపి పిలుస్తారు. వీళ్లే సీనియర్ మిషనరీలు.

సైకిళ్ల మీద జంటలుగా తిరిగే పంతొమ్మిది, ఇరవయ్యేళ్ల మార్మన్ కుర్రాళ్ల సంగతి లోకానికి తెలుసు. ఫిజీలో ఆ కుర్రాళ్లు స్థానికుల్లాగే పంచెను పోలిన సులు కట్టుకుని ఊరూరా తిరుగుతారు. ఈ పెద్దవాళ్ల గురించి రాసినవాళ్లు తక్కువ. ఎక్కువమంది ఉద్యోగాల నుంచి రిటైరైనవాళ్లే. ఇంట్లో తమ మీద ఆధారపడిన పిల్లలు ఉండకూడదు, వైద్య పరీక్షల్లో నెగ్గాలి. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు ఎంతకాలం ఉండాలో ముందే ఒప్పుకుంటారు. జీతం లేదు. అద్దె, తిండి, బీమా చాలావరకు సొంత పింఛను లోంచే. మన వైపు అరవై దాటిన దంపతులు విమానం ఎక్కారంటే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవల్ని ఎత్తుకోవడానికే. వీళ్లు యూటాలోనో ఐడహోలోనో మనవల్ని వదిలిపెట్టి విమానం ఎక్కుతారు. ఈ తేడా దగ్గరే నాకు వీళ్ల మీద ఆసక్తి పుట్టింది. మతప్రచారం మీద పాఠకుల్లో ఎవరి అభిప్రాయం వారిది. కృష్ణా రామా అనుకుంటూ కూర్చోవచ్చని మనం చెప్పుకునే వయసులో, రోజూ వాన పడే పరాయి ఊళ్లో ఒక ఆడమనిషి, ఒక మగమనిషి పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేస్తారన్నది నన్ను పట్టుకున్న ప్రశ్న.

చాలావరకు చేసేవి చిన్న పనులు. మిషన్ కార్యాలయంలో ఉండే దంపతులు కుర్రాళ్ల వీసా కాగితాలు చూస్తారు, అద్దె ఇళ్ల ఒప్పందాలు రాయిస్తారు, కార్ల మరమ్మతు లెక్కలు కడతారు. నెలలో కొన్ని రోజులు కుర్రాళ్లు ఉంటున్న ఇళ్లన్నీ తిరిగి, వంటగది శుభ్రంగా ఉందా, నీళ్ల ఫిల్టర్ పనిచేస్తోందా, దోమతెరకు చిరుగులున్నాయా అని చూసి వస్తారు. అమెరికాలో కుడివైపున నడిపి అలవాటైన చేతులు ఇక్కడ ఎడమవైపున నడపాలి. సువా నుంచి నౌసోరి వెళ్లే కింగ్స్ రోడ్డులో వాన పడితే గుంత ఎక్కడుందో, నీరు ఎక్కడ నిలిచిందో తేడా తెలియదు. భర్త స్టీరింగ్ పట్టుకుంటే, భార్య పక్కన కూర్చుని అద్దం తుడుస్తూ దారి చెబుతుంది.

మందిరంలో సేవ చేసే దంపతులది మరో రకం రోజు. అక్కడ అడుగుపెట్టినవాళ్లంతా తెల్లబట్టలే కట్టాలి. దూరపు దీవుల నుంచి పడవ ప్రయాణం చేసి వచ్చినవాళ్లకు బట్టలు అద్దెకిస్తారు. వాటిని ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, కొలతల వారీగా మడత పెట్టడం రోజూ ఉండే పని. ఎండ మొహం కనబడని వారాల్లో ఆ తెల్లదనాన్ని కాపాడటం అంత తేలిక కాదు. సువా వాతావరణంలో తోలు చెప్పులకు పచ్చటి బూజు, పుస్తకాల అట్టలకు మచ్చలు, బీరువాలో వేలాడే కోటుకు ముక్క వాసన వస్తాయి. బీరువా లోపల రాత్రంతా బల్బు వెలిగించి ఉంచడం ఇలాంటి ఊళ్లలో పాత ఉపాయం. ఇంటి నుంచి రెండు పెట్టెల నిండా బట్టలు తెచ్చుకున్నవాళ్లకు నాలుగైదు జతలే ఎక్కువని అర్థమవడానికి ఒక వానాకాలం చాలు.

నీళ్ల సంగతి మరీ విచిత్రం. ఆకాశం నుంచి కుండపోత, కుళాయిలో చుక్క ఉండదు. పెద్ద వాన కురిస్తే నదుల్లో బురద చేరుతుంది, శుద్ధి కేంద్రాలు ఆ బురదను వడకట్టలేక సరఫరా తగ్గిస్తాయి, కొన్నిసార్లు ఆపేస్తాయి. అందుకని వానాకాలంలో ఇంట్లో డ్రమ్ములు, బకెట్లు నింపి ఉంచుకోవాలి, తాగే నీళ్లు మరిగించుకోవాలి. దీన్ని పెద్దవాళ్లు కుర్రాళ్లకు పదేపదే చెప్పాలి. ఎందుకంటే ఫిజీలో వరద తగ్గాకే అసలు భయం. లెప్టోస్పైరోసిస్, టైఫాయిడ్, డెంగీ, అతిసారం. ఈ నాలుగింటినీ కలిపి అక్కడి ఆరోగ్య శాఖ ఎల్‌టీడీడీ అని పొడి అక్షరాలతో హెచ్చరికలు ఇస్తుంది. మొదటిది ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటి నుంచి, కాలి మీది చిన్న గాయం గుండా ఒంట్లో చేరుతుంది. మోకాలి లోతు నీళ్లలో చెప్పుల్లేకుండా నడిచిన ఇరవయ్యేళ్ల పిల్లాడు నాలుగు రోజుల తర్వాత జ్వరమని ఫోన్ చేస్తే, అవతల ఫోన్ ఎత్తేది చాలాసార్లు రిటైరైన నర్సు. మిషన్ వైద్య బాధ్యత సీనియర్ దంపతుల్లో ఒకరికి అప్పగించడం ఆనవాయితీ. కన్నతల్లి పదివేల కిలోమీటర్ల అవతల ఉంది. ఎప్పుడు మొదలైంది, కళ్లు ఎర్రబడ్డాయా, పిక్కలు నొప్పా, నీళ్లలో దిగావా అని ఒక్కొక్కటే అడిగి, ఆస్పత్రికి వెళ్లమని చెప్పి, వెళ్లాడో లేదో గంటకోసారి కనుక్కునే గొంతు ఆవిడది. సీనియర్ మిషనరీల సేవలో ఇంతకన్నా విలువైనది మరొకటి ఉందని నేను అనుకోను.

తుఫాను వస్తే పని రెట్టింపవుతుంది. 2016 ఫిబ్రవరి 20 రాత్రి విన్‌స్టన్ తుఫాను వీటీ లేవు ఉత్తర తీరాన్ని తాకింది. దక్షిణార్ధగోళంలో నేలను తాకిన తుఫాన్లలో అంత బలమైనది అంతకుముందు నమోదు కాలేదు. దేశమంతా కర్ఫ్యూ పెట్టారు. 44 మంది చనిపోయారు, ఊళ్లకు ఊళ్లు నేలమట్టమయ్యాయి. ఉత్తరానికి పడిన దెబ్బతో పోలిస్తే సువా కొంత నయం. ఏడాదికి పైగా మరమ్మతులు జరిగిన సామంబులా మందిరాన్ని తిరిగి ప్రతిష్ఠించాల్సిన ముహూర్తం ఆ మర్నాడే, ఫిబ్రవరి 21. అమెరికా నుంచి వచ్చిన సంఘ నాయకుడు హెన్రీ బి. ఐరింగ్ అనుకున్న రోజునే ఆ కార్యక్రమం జరిపించారు. ఆ మందిరానికి ముహూర్తాలు అలాగే వస్తాయేమో. 2000 జూన్ 18న మొదటిసారి ప్రతిష్ఠించినప్పుడు దేశంలో జార్జ్ స్పైట్ తిరుగుబాటు నడుస్తోంది, పార్లమెంటులో ప్రధాని మహేంద్ర చౌదరి బందీగా ఉన్నారు. విన్‌స్టన్ తర్వాత సంఘం ప్రార్థనాలయాలు చాలాచోట్ల ఇళ్లు కోల్పోయినవాళ్లకు ఆశ్రయమయ్యాయి. అలాంటి రోజుల్లో లెక్క రాసే మనిషి కావాలి. ఎన్ని టార్పాలిన్లు వచ్చాయి, ఏ ఊరికి ఎన్ని వెళ్లాయి, బియ్యం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు. ముప్ఫై ఏళ్లు ఏదో ఒక ఆఫీసులో ఫైళ్లు నడిపిన అనుభవం అప్పుడు పనికొస్తుంది.

సాయంత్రాలు ఈ దంపతులు స్థానికుల ఇళ్లకు వెళ్తారు. తడిసిన గొడుగు, చెప్పులు గుమ్మం బయటే. లోపల చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. డెబ్బై ఏళ్ల మోకాళ్లకు అదో పరీక్ష. ఫిజీ ఇళ్లలో పెద్దవాళ్లకు మర్యాద ఎక్కువ కనుక కుర్చీ ఒకటి ఎక్కడినుంచో వచ్చేస్తుంది. దాలో అనే చేమదుంప ఉడికించి, కొబ్బరిపాలలో వండిన చేపతో పెడతారు, లేదా కర్రపెండలం. భారతీయ ఇళ్లలో అయితే రొట్టె, పప్పు, మామిడికాయ పచ్చడి. వాన హోరులో రేకుల కప్పు కింద మాట వినబడకపోతే ఊరుకుని కూర్చుంటారు. అలా ఊరికే కూర్చోగలగడం వయసు తెచ్చే వరం. కుర్రాళ్లకు గడియారం ఉంటుంది, చెప్పాల్సిన పాఠం ఉంటుంది. పెద్దవాళ్లు వాన వెలిసేదాకా ఉండిపోతారు.

నా మనసుకు నచ్చనిది కూడా చెప్పాలి. ఈ దంపతులకు స్థానిక భాష నేర్చుకోవాలన్న నియమం లేదు. ఇంగ్లిషుతో సువాలో పని గడిచిపోతుంది కూడా. కానీ ఈ ఊరికి భాషతో వచ్చిన మిషనరీలు ఏం చేశారో చరిత్రలో ఉంది. ఆస్ట్రేలియా మెథడిస్టు మిషనరీ హన్నా డడ్లీ 1897లో సువా చేరింది. అంతకుముందు భారతదేశంలో పనిచేసింది కనుక హిందుస్తానీ మాట్లాడేది. భారత్ నుంచి వచ్చిన చెరకు కూలీల పిల్లల్ని తన ఇంటి వరండాలో కూర్చోబెట్టి చదువు చెప్పింది, అనాథల్ని పెంచుకుంది. ఆమె పేరుతో సువాలో బడి నేటికీ ఉంది. నౌసోరి వైపు పనిచేసిన జె. డబ్ల్యూ. బర్టన్ 1910లో ప్రచురించిన ‘ది ఫిజీ ఆఫ్ టుడే’లో గిర్మిట్ కూలీల, అంటే ఆ ఒప్పంద కూలీల, దుస్థితిని లోకానికి చెప్పాడు.

ఆ కూలీల్లో మనవాళ్లూ ఉన్నారు. 1879 నుంచి 1916 దాకా భారత్ నుంచి ఫిజీ వెళ్లిన అరవై వేల పైచిలుకు మందిలో, 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కినవాళ్లు సుమారు 15 వేలు. విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లు వాళ్లలో ఎందరో. సువా ఎదుటి నుకులావు దీవిలో దింపి, అక్కడి నుంచి తోటలకు పంచేవారు. 1926లో ఏర్పడిన దక్షిణ భారతీయుల సన్మార్గ ఐక్య సంగం, తమ భాషలనూ ఆచారాలనూ నిలబెట్టే మనిషి కోసం రామకృష్ణ మిషన్‌ను అడిగింది. అలా 1939లో వచ్చిన స్వామి రుద్రానంద బడులు పెట్టించారు, చెరకు రైతుల పక్షాన నిలబడ్డారు, 1985లో ఫిజీలోనే కన్నుమూశారు. నలభై ఆరేళ్లు. పెద్ద వయసు మిషనరీ అన్నప్పుడు నా కళ్ల ముందు మెదిలేది ఆయనే.

పసిఫిక్ దీవుల వాన నుంచి మన దాకా వచ్చిన దారి ఇంకొకటుంది. హైదరాబాద్‌కు చెందిన ఒక కీటక శాస్త్రవేత్త సమోవాలో ఉద్యోగం చేస్తూ, 1977లో భార్యతో సహా మార్మన్ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో ఆ దంపతులు కొద్దికాలపు మిషన్ మీద సొంత ఊరికి వచ్చారు. బంధువుల్లో ఇరవై మందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. భారతదేశంలో ఆ సంఘం తొలి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే. పెళ్లయిన జంట కలిసి వెళ్తే ఇంటి తలుపులు ఎంత తేలిగ్గా తెరుచుకుంటాయో అది చూపిస్తుంది.

ఇప్పటి దంపతుల్ని నలభై ఏళ్లు ఉండమనడం అన్యాయం. గుండె మాత్రలు, కంటి శస్త్రచికిత్సలు, ఇంటి దగ్గర ముసలి తల్లి, వీటన్నిటి మధ్య తీసుకున్న కాలం వాళ్లది. కానీ చాలామంది ఒప్పుకునే పద్దెనిమిది నెలల గడువును సువా వానతో కలిపి లెక్క వేయండి. మే నెలలో దిగినవాళ్లు మరుసటి ఏడాది అక్టోబరు ఆఖరుకు వెళ్లిపోతారు. వాళ్లకు దక్కేది ఒక్క వానాకాలం. ఏ కల్వర్టు ముందు మునుగుతుందో, ఏ ఇంట్లో పైకప్పు కారుతుందో, ఏ కుర్రాడు జ్వరం దాచుకుంటాడో తెలుసుకునేసరికి మబ్బులు విడిపోతాయి. నేర్చుకున్నది వాడే అవకాశం రాదు. అదే నవంబరులో దిగినవాళ్లు రెండు వానాకాలాలు పూర్తిగా చూస్తారు. మొదటిదాంట్లో నేర్చుకుంటారు, రెండోదాంట్లో పనిచేస్తారు. కొత్త దంపతుల్ని ఏటా నవంబరులోనే సువాకు పంపితే, మొదటి వాన చూస్తున్నవాళ్ల పక్కన రెండో వాన చూస్తున్నవాళ్లు ఎప్పుడూ ఉంటారు. డ్రమ్ములు ఎప్పుడు నింపాలో, నౌసోరి దారిలో ఎక్కడ ఆగిపోవాలో చెప్పే మనిషి ఆ కార్యాలయంలో ఏ ఏడాదీ లేకుండా పోడు.