మెట్రో మాటకు పుట్టిల్లు

అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు హైదరాబాద్ మెట్రో 2018 సెప్టెంబరు 24న మొదలైన నాటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ జనం నోట ‘మెట్రో’ అన్నది బస్సు, ఆటోలంత మామూలు మాటైపోయింది. లండన్‌లో 1863 జనవరి 10న భూగర్భ రైలును ప్రారంభించిన సంస్థ పేరు మెట్రోపాలిటన్ రైల్వే. 1900 జూలై 19న పారిస్‌లో తొలి మార్గం తెరుచుకున్నప్పుడు అక్కడి సంస్థ పేరులోనూ ఆ విశేషణమే ఉండగా, పారిస్ వాసులు దాన్ని కత్తిరించి ‘మెత్రో’ అన్నారు, ఆ పొట్టి రూపమే లోకమంతా పాకింది.

కత్తిరించిన భాగాన్ని మళ్లీ అతికించి వెనక్కి వెళితే, లాటిన్ మీదుగా దారి గ్రీకుకు చేరుతుంది. గ్రీకులో ‘మేతేర్’ అంటే తల్లి, ‘పోలిస్’ అంటే నగరం. కొరింథు పౌరులు సిసిలీలో సిరక్యూస్‌ను నెలకొల్పినట్లు, వలస వెళ్లినవారు కట్టుకున్న నగరాలకు మూలమైన నగరాన్ని గ్రీకులు ‘మేత్రోపోలిస్’ అన్నారు. క్రైస్తవం వ్యాపించాక ప్రధాన బిషప్ పీఠమున్న నగరానికి, తరువాత ఏ మహానగరానికైనా ఈ పేరు చెల్లింది.

గ్రీకు ‘మేతేర్’, సంస్కృత ‘మాతృ’, ఇంగ్లీషు ‘మదర్’ సజాతీయ పదాలు, అంటే ఒకే మూలం నుంచి వేర్వేరు భాషల్లోకి దిగివచ్చిన మాటలు. ఆ మూలాన్ని ఇండో-యూరోపియన్ మూలభాష అంటారు. దాని రాతప్రతి ఒక్కటీ లేదు, సంతాన భాషలను పోల్చి పండితులు దాని రూపాన్ని పునర్నిర్మించారు. గ్రీకులోనూ కొరింథు వారు మాట్లాడిన డోరిక్ మాండలికంలో తల్లి ‘మాతేర్’ అయితే, ఏథెన్స్ మాండలికంలో దీర్ఘ ‘ఆ’ కారం ‘ఏ’ కారంగా మారింది. డోరిక్‌దే పైచేయి అయి ఉంటే నేడు ఎల్బీనగర్‌లో ‘మాట్రో’ ఎక్కవలసి వచ్చేదేమో.

‘పోలిస్’కు సంస్కృతంలో తోబుట్టువు ‘పుర్’. రెండింటికీ పాత అర్థం కోట. పోలిక ఒక్కటే చుట్టరికానికి రుజువు కాదు, ధ్వనుల మార్పు పలుచోట్ల ఒకే తీరుగా కనబడాలి. మూలభాషలోని ‘ల’కారం సంస్కృతంలో తరచు ‘ర’కారమైంది కనుకనే, పాలిస్టర్ చీరలోని ‘పాలీ’కి మూలమైన, అనేకమనే అర్థమున్న గ్రీకు ‘పోలుస్’కు సంస్కృతంలో ‘పురు’, నిండైనదని అర్థమిచ్చే లాటిన్ ‘ప్లేనుస్’కు ‘పూర్ణ’ సరిజోడుగా నిలుస్తాయి. అందువల్ల ఎల్బీనగర్ వైపు వెళ్తుంటే దిల్‌సుఖ్‌నగర్ తరువాత వచ్చే చైతన్యపురిలోనూ, మార్గం రెండో కొసనున్న మియాపూర్‌లోనూ, పారిస్ వాసులు కోసేసిన ‘పోలిస్’కు దాయాదులున్నట్లే. తెలుగు ద్రావిడ భాష కాబట్టి ‘తల్లి’కీ ‘ఊరు’కీ ఈ కుటుంబంతో సంబంధం లేదు, ‘పురి’ సంస్కృతం నుంచి, ‘మెట్రో’ ఇంగ్లీషు నుంచి వచ్చిన అరువులు.

దిల్‌సుఖ్‌నగర్‌లోని పారసీక ‘దిల్’ కూడా సంస్కృత ‘హృద్’కూ ఇంగ్లీషు ‘హార్ట్’కూ చుట్టమే, కాకపోతే అక్కడ మార్పు ఎదురు తిరిగి, పాత ‘ర్ద్’ జంట పారసీకంలో ‘ల్’గా మారింది.