నెల్లూరు నుంచి మక్కాకు సూటి దారి ఏది?

చికాగోలో ఉద్యోగం చేస్తున్న కొడుకు నెల్లూరు కోటమిట్టలోని ఇంటికి ఫోను చేశాడనుకోండి. మాటల మధ్యలో, "అబ్బా, ఇక్కడ మేము ఈశాన్యం వైపు తిరిగి నమాజు చేస్తున్నాం" అన్నాడు. తండ్రి గుండె గుభేలుమంది. ఎదుట గోడ మీద మనవడి ప్రపంచ పటం ఉంది. చికాగో మీద వేలు పెట్టి మక్కా వరకు జరిపి చూశారు. వేలు తూర్పుకు సాగి, కాస్త ఆగ్నేయానికి దిగింది. "బేటా, మక్కా మీకు కిందికి ఉంటే మీరు పైకి తిరుగుతున్నారే! ఇన్నేళ్ల నమాజుల సంగతేమిటి?" అని అడిగారు.

ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. పిల్లలు దూరదేశాలలో ఉన్న ఏ కుటుంబంలోనైనా ఏదో ఒక రోజు రాగల ప్రశ్నే. 1990 దశకంలో అమెరికా, కెనడాలలో ఈ విషయం మీద పెద్ద వాదమే నడిచింది. ఒక వర్గం ఆగ్నేయమంటే, మరో వర్గం ఈశాన్యమంది. ఎవరి నమాజు సరైన దిక్కుకు సాగుతున్నదన్న అనుమానం చిన్నది కాదు. ఈ చిక్కు విప్పాలంటే ముందు విమానాలు ఏ దారిన పోతాయో తెలుసుకోవాలి. ఎందుకంటే దూరప్రయాణపు విమానం వెతికే దారి, నమాజులో మనం వెతికే దిక్కు, రెండూ ఒకే గీత.

బత్తాయి తొక్క చెప్పే పాఠం

ఒక బత్తాయి పండును ఒలిచి, తొక్కను బల్ల మీద పరిచి చూడండి. ఎంత జాగ్రత్తగా నొక్కినా అంచుల దగ్గర చీలుతుంది. చీలకుండా పరవాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. గుండ్రని భూమిని చదునైన కాగితం మీద గీసేవారికీ ఇదే ఇబ్బంది. దూరమో, వైశాల్యమో, దిక్కో, ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకొని ఏది నిలుపుకోవాలో నిర్ణయించే పద్ధతినే ప్రొజెక్షన్ అంటారు.

మన గోడల మీద ఎక్కువగా కనిపించే పటం 1569లో మెర్కేటర్ అనే పటకర్త రూపొందించిన పద్ధతిలోనిది. ఆయన దాన్ని నావికుల కోసం గీశారు. దిక్సూచి ముల్లు చూపే ఒకే కోణాన్ని పట్టుకొని ఓడ నడిపితే, ఆ దారి ఈ పటంలో సరళరేఖగా కనిపిస్తుంది. సముద్రం మీద అది గొప్ప సదుపాయం. కానీ దాని కోసం ధ్రువాలకు దగ్గరయ్యేకొద్దీ భూమిని సాగదీయవలసి వచ్చింది. అందుకే గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. మన భారతదేశమే గ్రీన్‌లాండ్‌కు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. పటం మాత్రం అలా చెప్పదు.

విమానం ఉత్తరానికి ఎందుకు పోతుంది?

2021 జనవరిలో హైదరాబాద్ నుంచి చికాగోకు ఎయిర్ ఇండియా నేరు విమానం మొదలుపెట్టింది. గోడ పటం మీద స్కేలు పెట్టి ఈ రెండు ఊళ్లను కలిపితే గీత అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రాల మీదుగా పడమరకు పోతుంది. ఆ గీత పొడవు లెక్కగడితే సుమారు 16,100 కిలోమీటర్లు. అదే గ్లోబు తీసుకొని, రెండు ఊళ్ల మధ్య ఒక దారాన్ని బిగించి పట్టుకోండి. దారం దాదాపు నేరుగా ఉత్తరానికి పోయి, ఆర్కిటిక్ మంచు సముద్రాన్ని దాటి, అవతలి వైపు చికాగోలో దిగుతుంది. ఈ దారి సుమారు 13,300 కిలోమీటర్లే. అంటే పటంలో సూటిగా కనిపించే దారి దాదాపు 2,800 కిలోమీటర్ల చుట్టు!

బిగించిన దారం చూపే ఈ దారిని మహావృత్తం అంటారు. భూమి కేంద్రం గుండా కత్తితో రెండు సమాన సగాలుగా కోస్తే ఉపరితలం మీద ఏర్పడే గీత అది. గోళం మీద అంతకన్నా దగ్గరి దారి లేదు. మెర్కేటర్ పటంలో ఇదే గీత విల్లులా వంగి కనిపిస్తుంది. విమానంలో సీటు ముందున్న తెరను చూసి, పైలట్ చుట్టూ తిప్పి తీసుకుపోతున్నాడని అనుకునేవారు ఉన్నారు. తిప్పింది పైలట్ కాదు, పటం. అదే 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్లే నడిపిన విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరు చేరింది.

అన్ని విమానాలూ అచ్చంగా ఈ గీత మీదే పోతాయని కాదు సుమా. ఎదురుగాలి, తుపాను, యుద్ధం దారిని మారుస్తాయి. 2019లో కొన్ని నెలలు, మళ్లీ 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసివేయడంతో మన విమానాలు చుట్టు తిరగవలసి వచ్చింది. అయినా లెక్క మొదలయ్యేది మహావృత్తంతోనే.

శ్రీహరికోట తెర మీది అల

నెల్లూరు తీరవాసులు ఈ విచిత్రాన్ని మరో రూపంలో ఎప్పుడో చూశారు. శ్రీహరికోట నేడు తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిదే. 1980 జూలై 18న అక్కడి నుంచి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు ఆ ప్రాజెక్టుకు డైరెక్టర్ అబ్దుల్ కలాం గారు. ప్రయోగాలను టీవీలో చూసేటప్పుడు ప్రపంచ పటం మీద ఉపగ్రహం దారి పాము మెలికలా, అలలా కనిపిస్తుంది. ఆకాశంలో ఉపగ్రహం మెలికలు తిరగడం లేదు. భూమి చుట్టూ ఒకే వలయంలో పోతోంది. ఆ వలయపు జాడను చదును కాగితం మీద పరిచేసరికి అల అయింది.

మన ఊరి నుంచి మక్కా

ఇప్పుడు మన ఊరి సంగతి చూద్దాం. నెల్లూరు నుంచి మక్కా సుమారు 4,300 కిలోమీటర్లు. ఇంత దూరానికి పటపు గీతకూ మహావృత్తానికీ పొడవులో తేడా పది కిలోమీటర్లు కూడా ఉండదు. దిక్కులో మాత్రం తేడా ఉంది. మెర్కేటర్ పటం ప్రకారం మక్కా మనకు పడమర నుంచి ఉత్తరానికి సుమారు 10 డిగ్రీలు. మహావృత్తం ప్రకారం సుమారు 16 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు ఉంటుంది. సరిగ్గా పడమరకు నిలబడి, ఒకటిన్నర పిడికిలి కుడివైపుకు జరిగితే మన ఖిబ్లా.

ఆ గీత వెంట ఊహలో నడవండి. నెల్లూరులో బయలుదేరి గుంతకల్లు మీదుగా పోయి, గోవాకు ఉత్తరాన కొంకణ్ తీరం దాటుతుంది. అరేబియా సముద్రం మీద సాగి ఒమన్ తీరాన్ని తాకుతుంది. అక్కడి నుంచి ఎడారి మీదుగా మక్కా చేరుతుంది. చేరేటప్పుడు దాదాపు నేరుగా తూర్పు నుంచి వస్తుంది. పటం మీద స్కేలుతో గీసిన గీత సముద్రం మీద దీనికి 120 కిలోమీటర్ల వరకు దక్షిణంగా పోతుంది.

ఇహ్రామ్ ఎక్కడ?

ఈ దారి తెలియడం హజ్, ఉమ్రాలకు వెళ్లే కుటుంబాలకు నేరుగా ఉపయోగపడుతుంది. మన తాతల కాలంలో హాజీలు ముంబై నుంచి ఓడ ఎక్కేవారు. ఓడ దక్షిణం నుంచి ఎర్ర సముద్రంలో ప్రవేశించేది. కాబట్టి మక్కాకు దక్షిణాన ఉన్న యలమ్‌లమ్ వారికి మీఖాత్. ఆ మాట ఇళ్లల్లో అలాగే నిలిచిపోయింది. 1995తో ముంబై హజ్ ఓడలు ఆగిపోయాయి. నేడు మన విమానాలు సాధారణంగా అరేబియా భూభాగం మీదుగా తూర్పు నుంచి వస్తాయి. అంటే జెద్దాలో దిగకముందే తాయిఫ్ వైపున్న ఖర్నుల్ మనాజిల్ ప్రాంతాన్ని దాటిపోతాయి. విమానానికి అది కొద్ది నిమిషాల పని. జెద్దా విమానం ఎక్కేవారు ముందుగానే ఇహ్రామ్ సిద్ధం చేసుకోవాలని చెప్పడానికి కారణం ఇదే. సముద్రం కనిపించలేదు కదా, ఇంకా సమయముందిలే అని కూర్చుంటే మీఖాత్ దాటిపోవచ్చు. వివరాలకు బయలుదేరే ముందే మీ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి.

మన పెద్దలు వేసిన లెక్క

ఇదంతా నిన్నమొన్నటి విజ్ఞానమని అనుకోనక్కరలేదు. అల్ బిరూనీ 1025లో పూర్తి చేసిన గ్రంథంలో గజ్నీ నగరపు ఖిబ్లాను గోళ గణితంతో నిర్ణయించారు. ఆయనే నేటి పాకిస్తాన్‌లో ఉన్న నందనా కోట దగ్గర కొండ ఎత్తును, దిగంతం వంగిన కోణాన్ని కొలిచి భూమి పరిమాణం లెక్కగట్టారు. 14వ శతాబ్దంలో డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలు చూసే అల్ ఖలీలీ, అక్షాంశం, రేఖాంశం తెలిస్తే చాలు ఖిబ్లా దొరికేలా పట్టికలు తయారుచేశారు. చదును పటం చేసే తప్పును పటంతోనే సరిదిద్దే ప్రయత్నం కూడా జరిగింది. ఈజిప్టు సర్వే శాఖలో పనిచేసిన జేమ్స్ క్రెయిగ్ 1909లో ఒక ప్రొజెక్షన్ రూపొందించారు. అందులో ఏ ఊరి నుంచి మక్కాకు స్కేలు పెట్టినా వచ్చే దిక్కు ఆ ఊరి నిజమైన ఖిబ్లాయే. దాని కోసం దేశాల రూపురేఖలు వికారమయ్యాయి. పటం తప్పనడం కన్నా, ఏ పనికి గీసిన పటమో తెలియకుండా వాడటం తప్పనడం న్యాయం.

ఇక చికాగో సంగతి. అక్కడి నుంచి మక్కాకు మహావృత్తం ఉత్తరం నుంచి తూర్పుకు సుమారు 49 డిగ్రీల దిక్కులో బయలుదేరుతుంది. అంటే ఈశాన్యమే. 1957లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ హాజరై ప్రారంభించిన వాషింగ్టన్ ఇస్లామిక్ సెంటర్ మసీదు కూడా ఈశాన్యానికే తిరిగి ఉంది.

నీడను సాక్షిగా పిలవండి

లెక్కల మీద నమ్మకం లేనివారికి అల్లాహ్ సృష్టించిన సూర్యుడే సాక్షి. ఏటా రెండుసార్లు సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తి మీదికి వస్తాడు. మే 27 లేదా 28న మన గడియారంలో మధ్యాహ్నం 2.48కి, జూలై 15 లేదా 16న 2.57కి. ఆ నిమిషంలో సూర్యుడు ఉన్న వైపే ఖిబ్లా. రోహిణి కార్తె ఎండలో మైపాడు తీరాన పది అడుగుల గెడను నిలువుగా పాతితే దాదాపు ఎనిమిది అడుగుల నీడ పడుతుంది. నీడ కొస నుంచి గెడ మొదలు వైపు చూడండి. మీరు చూస్తున్నది మక్కా వైపే. ఇంటి మిద్దె మీద కూడా ఈ పరీక్ష చేయవచ్చు.

చికాగోలో అప్పటికి ఇంకా తెల్లవారదు. కానీ వారికి మరో అవకాశం ఉంది. నవంబర్ 28 ప్రాంతంలో వారి గడియారంలో మధ్యాహ్నం 3.09కి, జనవరి 13 ప్రాంతంలో 3.29కి, సూర్యుడు కాబాకు సరిగ్గా భూమి అవతలి వైపు బిందువు మీద ఉంటాడు. అప్పుడు నీడే ఖిబ్లాను చూపుతుంది. చలికాలపు సూర్యుడు నైరుతిన కిందికి వాలి ఉంటాడు కనుక నీడ ఈశాన్యానికి పొడవుగా పడుతుంది. కొడుకు నిలబడుతున్న వైపే!

దీన్ని చదివి మీ వీధి మసీదు మెహ్రాబు వంకరగా ఉందని తగవు పెట్టుకోవద్దు. కాబా కంటికి కనిపించనంత దూరంలో ఉన్నవారు ఆ వైపు ముఖం తిప్పితే చాలునని, కొద్దిపాటి తేడాతో నమాజు చెడిపోదని ఉలమాలు చెబుతారు. కొత్త మసీదుకు పునాది తీసేటప్పుడు, ఇంట్లో నమాజు గది కట్టుకునేటప్పుడు మాత్రం ఒక్కసారి సరిచూసుకోవడం మంచిది.

ఈ శుక్రవారం నమాజు ముగించుకొని వచ్చాక, ఇంట్లో గ్లోబు ఉంటే తీయండి. లేకపోతే పిల్లల బంతి చాలు. దాని మీద ఊళ్లు గుర్తుపెట్టి, మనవడి చేతికి ఒక దారం ఇవ్వండి. నెల్లూరు నుంచి మక్కాకు, చికాగో నుంచి మక్కాకు వాడినే బిగించి చూపమనండి. తర్వాత కొడుక్కి ఫోను చేసి, "బేటా, నీ దిక్కు సరైనదే" అని మీ నోటితోనే చెప్పండి.