వాన పడితే టీవీ ఎందుకు ఆగిపోతుంది? మెకానిక్‌ని పిలిచే ముందు తప్పు ఎక్కడుందో మీరే పట్టుకోండి

విజయవాడలో ఆకాశం నల్లబడితే రెండు పనులు ఖాయం. ఒకటి, డాబా మీద ఆరేసిన బట్టల కోసం పరుగు. రెండు, హాల్లో టీవీ ఆగిపోవడం. మామూలు రోజుల్లో సీరియల్ పోతే పోయింది అనుకోవచ్చు. కానీ 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు వార్తల కోసం చూసింది టీవీ వైపే. సరిగ్గా అవసరమైన రోజునే బొమ్మ రాకపోవడం చిన్న విషయం కాదు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బీటెక్ చదివినందుకు ఇంట్లో, చుట్టాల ఇళ్లలో టీవీ డిపార్ట్‌మెంట్ కూడా నాదే. కోడ్‌లో బగ్ వెతికే పద్ధతే ఇక్కడా పని చేస్తుంది: ఎర్రర్ ఏంటో చదవకుండా దేన్నీ ముట్టుకోకూడదు. ముఖ్యంగా రీసెట్, ఆటో స్కాన్ జోలికి వెళ్లకూడదు.

మెసేజ్ చూపిస్తోంది టీవీనా, బాక్సా?

స్క్రీన్ మీద "నో సిగ్నల్" అని కనబడగానే డిష్ మీద అనుమానపడతాం. ముందు రిమోట్‌లో బాక్స్ మెనూ బటన్ నొక్కండి. మెనూ రాకపోతే గొడవ డాబా మీద కాదు, టీవీ వెనకాలే. బాక్స్ ఆన్‌లో ఉందా, హెచ్‌డీఎంఐ వైరు గట్టిగా ఉందా, టీవీలో సరైన ఇన్‌పుట్ ఎంచుకున్నారా చూడండి. బాక్స్‌ని, టీవీని రెండింటినీ గోడ స్విచ్ దగ్గర ఆపి, ఒక నిమిషం ఆగి ఆన్ చేస్తే చాలాసార్లు ఇక్కడే సరిపోతుంది.

మెనూ వస్తోంది, ఛానల్ మాత్రం రావట్లేదు అంటే బాక్స్‌కే సిగ్నల్ అందట్లేదు. ఇప్పుడు సెట్టింగ్స్‌లో సిగ్నల్ పేజీ తెరవండి. అక్కడ రెండు గీతలు ఉంటాయి: స్ట్రెంత్, క్వాలిటీ.

ఆ రెండు గీతలే అసలు కథ

స్ట్రెంత్ అంటే వైరులో దిగి వస్తున్న మొత్తం పవర్. అందులో శాటిలైట్ సిగ్నల్‌తో పాటు నాయిస్ కూడా కలిసి ఉంటుంది. క్వాలిటీ అంటే ఆ మొత్తంలోంచి బాక్స్ తప్పుల్లేకుండా ఎంత చదవగలుగుతోంది అని. అందుకే ఈ రెండూ కలిపి చదవాలి.

- రెండూ సున్నా: వైరు, కనెక్టర్ లేదా ఎల్‌ఎన్‌బీ. డిష్ ముందు కొమ్మ చివర ఉండే చిన్న డబ్బానే ఎల్‌ఎన్‌బీ.
- స్ట్రెంత్ ఉంది, క్వాలిటీ సున్నా: ఎల్‌ఎన్‌బీకి ప్రాణం ఉంది, శాటిలైట్ కనబడట్లేదు. వాన, డిష్ పక్కకి తిరగడం, లేదా ఏదో అడ్డం రావడం.
- సగం ఛానళ్లు బాగున్నాయి, సగం లేవు: బాక్స్ వైరు గుండా 13 వోల్టులు పంపితే ఒక పోలరైజేషన్, 18 వోల్టులు పంపితే ఇంకోటి వస్తుంది. పాడైన జాయింట్ దగ్గర వోల్టేజ్ పడిపోతే ఒక సగం మాయమవుతుంది.
- రెండూ బాగున్నాయి, ఒకటి రెండు ఛానళ్లే లేవు: డిష్‌కి సంబంధం లేదు. ప్యాక్ లేదా ఛానల్ లిస్ట్ సమస్య.

అవనిగడ్డ నుంచి మా అమ్మమ్మ ఫోన్ చేసి, "నాన్నా, బొమ్మ గళ్లు గళ్లుగా వస్తోందిరా, బాక్స్ మార్చేయమంటావా?" అంది. "ఏదీ మార్చొద్దు అమ్మమ్మా, ఆ రెండు గీతలు వీడియో కాల్‌లో చూపించు" అన్నాను. స్ట్రెంత్ కదలకుండా ఉంది. క్వాలిటీ మాత్రం ఎక్కుతూ దిగుతూ ఉంది. వాన లేదు. గాలి వీచినప్పుడే పడిపోతోంది. అంటే కదిలేదేదో అడ్డం వస్తోంది. మావయ్య డాబా ఎక్కి చూస్తే పెరట్లో కొబ్బరి మట్ట డిష్‌కి ఎదురుగా ఊగుతోంది. డిష్‌ని ఇంకో మూలకి మార్చారు. కొత్త బాక్స్ ఖర్చు తప్పింది.

వాన ఏం చేస్తుంది?

డీటీహెచ్ సిగ్నల్ వచ్చేది కేయూ బ్యాండ్‌లో, అంటే దాదాపు 11, 12 గిగాహెర్ట్జ్ దగ్గర. ఈ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్ల చిల్లర. అంత చిన్న తరంగానికి కొన్ని మిల్లీమీటర్ల వాన చినుకు కూడా లెక్కలోకి వస్తుంది. కొంత పీల్చుకుంటుంది, కొంత చెదరగొడుతుంది. పైగా తడి మేఘం తనవంతు నాయిస్ కూడా కలుపుతుంది. పాత అనలాగ్ టీవీలో అయితే చుక్కలు పడుతూనే ఎంతో కొంత కనిపించేది. డిజిటల్‌లో ఒక హద్దు దాకా అద్దంలా ఉంటుంది, హద్దు దాటగానే ఒక్కసారిగా ఆగిపోతుంది.

ఇక్కడ మన డెల్టా విషయం ఒకటుంది. మన డీటీహెచ్ శాటిలైట్లన్నీ మనకు దక్షిణం, ఆగ్నేయం వైపు ఉంటాయి. బంగాళాఖాతం ఉన్నదీ అటే. వాన మేఘం దాదాపు 5 కిలోమీటర్ల ఎత్తు దాకా ఉందనుకుంటే, డిష్ చూపు ఆ మేఘంలోంచి బయటపడేసరికి మీ ఇంటి నుంచి 2 నుంచి 4 కిలోమీటర్లు వెళ్తుంది. అందుకే మీ వాకిట్లో చినుకు పడకముందే బొమ్మ ఆగిపోతుంది. ఒక్కోసారి మీ ఇంటి మీద వాన పడుతూనే టీవీ తిరిగి వచ్చేస్తుంది.

కాబట్టి గట్టి వానలో క్వాలిటీ సున్నా అయితే చేయాల్సింది ఒకటే: ఆగడం. ఆ టైమ్‌లో ఆటో స్కాన్ కొడితే కొన్ని బాక్సుల్లో ఉన్న ఛానల్ లిస్ట్ కూడా చెరిగిపోతుంది. వాన తగ్గాక కూడా టీవీ రాదు, అప్పుడు మెకానిక్ రావాల్సిందే. ఉరుములు, మెరుపులు ఉంటే బాక్స్ ప్లగ్, డిష్ వైరు రెండూ పీకేయండి. తడి డాబా మీదకి మాత్రం ఎక్కొద్దు.

చిన్న ముసురుకే పోతోందంటే వేరే లెక్క. డిష్ గురి కొంచెం తప్పిందన్నమాట. ఎండ రోజుల్లో అది తెలియదు. గురి సరిచేయించినా చాలకపోతే 60 సెంటీమీటర్ల డిష్ బదులు 90 పెట్టించండి. వైశాల్యం రెండుంబావు రెట్లు, లాభం దాదాపు మూడున్నర డెసిబెల్స్. తుఫాను వానను అది ఆపలేదు, మామూలు వానను తట్టుకుంటుంది.

మీ డిష్ ఎటు చూడాలి?

విజయవాడకి నేను వేసిన లెక్కలు ఇవి. మొదటి అంకె ఫోన్ దిక్సూచిలో చూసే దిశ, రెండోది నేల నుంచి ఆకాశంలోకి ఎత్తు, డిగ్రీల్లో. మచిలీపట్నం, గుడివాడల్లో ఒకటి రెండు డిగ్రీలే తేడా.

- టాటా ప్లే (83 తూర్పు): 172, 70
- డీ2హెచ్ (88 తూర్పు): 156, 69
- డీడీ ఫ్రీ డిష్, సన్ డైరెక్ట్ (93.5 తూర్పు): 141, 66
- డిష్ టీవీ (95 తూర్పు): 138, 64
- ఎయిర్‌టెల్ (108.2 తూర్పు): 119, 53

డిష్‌ని చూస్తే అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు. ఇవి ఆఫ్‌సెట్ డిష్‌లు. అసలు చూపు కంటికి కనిపించే దానికంటే 20 డిగ్రీలకు పైగా ఎత్తులో ఉంటుంది. చెట్టు అడ్డమా కాదా అన్నదానికి చిన్న లెక్క: 66 డిగ్రీల ఎత్తులో, 5 మీటర్ల దూరంలో ఉన్న చెట్టు డిష్ కన్నా దాదాపు 11 మీటర్లు పైకి ఉంటేనే అడ్డం. అదే 53 డిగ్రీలకి ఆరున్నర మీటర్లు చాలు. పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ లేస్తుంటే ఈ లెక్క ముందే వేసుకోండి.

ఇంకో వింత: మార్చి మధ్యలో, మళ్లీ అక్టోబర్ ఒకటి అటూ ఇటుగా, కొన్ని రోజుల పాటు సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు. 93.5 డిగ్రీల శాటిలైట్‌కి అది పొద్దున్న 11 గంటల ప్రాంతం. ఆకాశం నిర్మలంగా ఉన్నా కొద్ది నిమిషాలు సిగ్నల్ పడిపోవచ్చు. దానంతట అదే సర్దుకుంటుంది.

తీరం గాలి, తుప్పు పట్టిన కనెక్టర్

మచిలీపట్నం, నాగాయలంక వైపు ఇళ్లలో ముందు చూడాల్సింది ఎల్‌ఎన్‌బీ దగ్గరి ఎఫ్ కనెక్టర్. ఉప్పు గాలి, తేమ కలిసి దాన్ని తినేస్తాయి. వైరు లోపలి రాగి తీగ పచ్చగా, నల్లగా మారితే ఆ ముక్క కోసేసి కొత్త కనెక్టర్ వేయించండి. పైన నీళ్లు దూరని రబ్బరు టేపు చుట్టించండి. వైరు ఎల్‌ఎన్‌బీ నుంచి నేరుగా కిందికి కాకుండా ఒక చుట్టు వేలాడేలా ఉంటే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి. మధ్యలో జాయింట్లు వద్దు. మంచి ఆర్‌జీ6 వైరులో కూడా ఒక గిగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్లకి ఆరేడు డెసిబెల్స్ పోతాయి.

సిగ్నల్ బాగుంది, ఛానల్ లేదు

2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త టారిఫ్ విధానం వచ్చాక ఏ పే ఛానల్ ఏ ప్యాక్‌లో ఉందన్నది మీ ఎంపిక. ప్యాక్ మారినప్పుడు ఛానల్ చెప్పకుండా జారిపోవచ్చు. యాప్‌లో మీ ప్యాక్ చూసి, ఉండాల్సిన ఛానల్ లేకపోతే రీఫ్రెష్ పంపించండి. ఆ అనుమతి కూడా శాటిలైట్ గుండానే వస్తుంది, కాబట్టి బాక్స్ ఆన్‌లో ఉండాలి. ఊరెళ్లి వచ్చాక ఛానళ్లు రాకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఫ్రీ డిష్‌లో నెలసరి చందా లేదు. కానీ ఛానళ్ల స్లాట్లు ఏటా ఏప్రిల్ 1 నుంచి మారుతుంటాయి. ఆటో స్కాన్ చేయాల్సింది అప్పుడు, అదీ క్వాలిటీ బాగున్న రోజున. పాత ఎంపెగ్-2 బాక్స్ అయితే ఎంపెగ్-4 ఛానళ్లు ఎన్నిసార్లు స్కాన్ చేసినా రావు.

కేబుల్, ఫైబర్ ఉన్నవాళ్లకి

వానలో పక్కింటి కేబుల్ ఎందుకు వస్తోంది? కేబుల్ కంట్రోల్ రూమ్‌లో పెద్ద పెద్ద సీ బ్యాండ్ డిష్‌లు ఉంటాయి. 4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో తరంగం పొడవు ఏడు సెంటీమీటర్ల పైనే, వాన దాన్ని పెద్దగా పట్టించుకోదు. అక్కడ బలహీనత కరెంటు. వీధిలోని యాంప్లిఫైయర్‌కి కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా బొమ్మ రాదు.

ఏపీ ఫైబర్‌నెట్ లైన్లు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వచ్చాయి. ఫైబర్‌ని వాన ఏమీ చేయదు, గాలికి విరిగిన కొమ్మ చేస్తుంది. బాక్స్ మీద ఎల్‌ఓఎస్ అనే లైట్ ఎర్రగా వెలిగితే లైన్ తెగినట్టో, వంగి నలిగినట్టో. రీస్టార్ట్‌తో పని లేదు, కంప్లైంట్ ఇవ్వండి.

తుఫాను హెచ్చరిక వస్తే

డిష్ బోల్టులు ముందు రోజే బిగించండి. ఫోన్, పవర్ బ్యాంక్ నిండా ఛార్జ్ చేసుకోండి. వీటన్నిటికన్నా ముఖ్యంగా, మీడియం వేవ్ ఉన్న చిన్న బ్యాటరీ రేడియో ఒకటి ఇంట్లో ఉంచండి. ఆకాశవాణి విజయవాడ 837 కిలోహెర్ట్జ్‌లో వస్తుంది. ఆ తరంగం పొడవు దాదాపు 358 మీటర్లు, చినుకులు దాని దారికి అడ్డమే కావు. గ్యాడ్జెట్ల సైట్‌లో రేడియో కొనమంటున్నాడేంటి అనుకోకండి. డిష్, కరెంటు, టవర్ మూడూ పోయిన రాత్రి ఊళ్లో పనిచేసే గ్యాడ్జెట్ అదే.