కావలివాడే కత్తి దూస్తే...



గెత్సేమనే తోటలో పేతురు కత్తి దూసి ప్రధాన యాజకుని దాసుని చెవి నరికిన సంగతి మనమెరుగుదుము (యోహాను 18:10). తన ప్రభువును కాపాడాలన్నదే అతని ఆశ. అయినా కత్తి ఒరలో పెట్టమని యేసు ఆజ్ఞాపించాడు. మన శరీరంలోనూ ఒక్కోసారి ఇలాంటిదే జరుగుతుంది.

దేవుడు మన దేహంలో రోగనిరోధక శక్తి అనే కావలివాణ్ణి ఉంచాడు. ఫ్లూ, కరోనా వంటి వైరస్ ఊపిరితిత్తుల్లో చేరగానే కావలి కణాలు సైటోకైన్లు అనే రసాయనాలతో ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. చాలామందిలో ఈ పోరు కొద్దిరోజుల్లో ముగుస్తుంది. కొందరిలో ఆ పిలుపు ఆగదు. ఊపిరితిత్తులు వాచి, గాలి గదుల్లో నీరు చేరి, రక్తానికి ఆక్సిజన్ అందదు. కరోనాలో ఈ ప్రమాదం తరచుగా రెండవ వారంలో కనబడింది.

2020లో బ్రిటన్ ఆసుపత్రుల్లో 'రికవరీ' అనే పెద్ద పరిశోధన జరిగింది. కరోనాతో చేరిన 2,104 మందికి డెక్సామెథసోన్ అనే చవకైన స్టెరాయిడ్‌ను రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున 10 రోజుల వరకు ఇచ్చి, మామూలు వైద్యం పొందిన 4,321 మందితో పోల్చారు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు సుమారు మూడో వంతు, ఆక్సిజన్ పెట్టినవారిలో సుమారు ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు కనబడలేదు.

ఈ చివరి మాటే మన పల్లె కుటుంబాలు గుర్తుంచుకోవాలి. జ్వరం వచ్చిన మొదటిరోజే "గట్టి సూది వేయండి" అని అడుగుతాము. మందుల షాపులో స్టెరాయిడ్ బిళ్లలు కొని మింగుతాము. వైరస్ పెరిగే వేళ కావలివాడి చేతులు కట్టేస్తే శత్రువుకే లాభం. పైగా షుగరు పెరుగుతుంది. 2021లో మన దేశంలో బ్లాక్ ఫంగస్ బారిన పడినవారిలో చాలామంది షుగరు ఉన్నవారు, స్టెరాయిడ్లు వాడినవారు. ఫ్లూలో ఈ మందు అలాంటి మేలు చేస్తుందని రుజువు కాలేదు కూడా.

కాబట్టి ఆయాసం వచ్చినా, పెదవులు నీలబడినా, మగత కమ్మినా, వేలికి పెట్టే ఆక్సీమీటరులో అంకె 94 కంటే తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్టెరాయిడ్ ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టరుగారే నిర్ణయించాలి. ప్రార్థన మానవద్దు, ప్రార్థన పేరిట ప్రయాణం ఆపవద్దు. దారిలోనూ ప్రార్థించవచ్చు. లూకా కూడా వైద్యుడే గదా!

కత్తిని ఆపి, తెగిన చెవిని బాగుచేసిన ప్రభువు మీ ఇంటివారినందరినీ కాపాడును గాక. ఆమేన్.