కుసుమలు ఒకటే, నూనెలు రెండు

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల నల్లరేగడి చేలలో రబీ పంటగా, శనగచేను చుట్టూ పశువులకు అడ్డుగా కుసుమలు వేయడం పాత అలవాటు. సాగు ఇప్పుడు బాగా తగ్గింది. అయినా ఈ సరుకు కొనే వర్తకులు, మిల్లుదార్లు గమనించవలసిన సంగతి ఒకటున్నది. కుసుమ గింజలో రెండు తీరుల నూనె ఉండవచ్చు. గింజను అరచేతిలో పోసుకొని ఎంత చూసినా ఆ తేడా తెలియదు.

మామూలు కుసుమ నూనెలో సుమారు మూడు వంతులు, అంటే 75 శాతం దాకా, లినోలిక్ ఆమ్లం. ఇది గాలి తగిలితే త్వరగా చిక్కబడి ఆరిపోతుంది. రంగులు, వార్నిష్‌ల తయారీకి వాడింది అందుకే. రెండవ దానిలో 70 శాతానికి పైగా ఒలీక్ ఆమ్లం. మూకుడులో మరిగినా తొందరగా చెడదు, నిలవకు ఆగుతుంది. వేపుడు సరుకుల వారికి కావలసింది ఇదే.

తేడా అంతా ఒక జన్యువులో ఉన్నది. ఒలీక్‌ను లినోలిక్‌గా మార్చే ఎంజైము దాని పని. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు ప్రతులూ పనిచేయకపోతేనే ఒలీక్ పేరుకుంటుంది. వర్తకుడికి చిక్కు ఇక్కడే. నూనె తీరును నిర్ణయించేది తల్లి మొక్క కాదు, గింజలోని పిండం. పక్కచేలోని మామూలు కుసుమ పుప్పొడిని తేనెటీగ తెచ్చి వేస్తే ఆ ఏటి గింజలోనే నూనె మారుతుంది. ఎవరూ కలపకుండానే సరుకు కల్తీ!

ఇంతకూ ఈ గుణం మనదే. భారతదేశం నుంచి వెళ్లిన విత్తనం ఆధారంగానే కాలిఫోర్నియాలో నోల్స్ అనే శాస్త్రవేత్త యూసీ-1 రకాన్ని రూపొందించగా అది 1966లో విడుదలైంది. మొయినాబాద్‌కు పొరుగున రాజేంద్రనగర్‌లో ఉన్న నూనెగింజల పరిశోధన సంస్థ కూడా అధిక ఒలీక్ కుసుమలపై కృషి చేస్తున్నది.

బేరానికి ముందు అయొడిన్ విలువ చూపించుకోవడం మేలు. కోడెక్స్ ప్రమాణాల ప్రకారం మామూలు కుసుమ నూనెకు అది 136 నుంచి 148. అధిక ఒలీక్ నూనెకు 80 నుంచి 100. ఈ రెంటి నడుమ అంకె వస్తే సరుకు కలిసినదని అనుమానించవలసిందే. అధిక ఒలీక్ ధర ఇవ్వనక్కరలేదు. నమూనా మాత్రం ఒక్క బస్తా నుంచి కాక, లాటులోని పలు బస్తాల నుంచి తీయించాలి.