బండి కిర్రుమంటే ఏం చేయాలి?

నెల్లూరు జిల్లాకు తూర్పున సముద్రం ఉంది. ఒడ్డు పొడుగునా రొయ్యల గుంటలు ఉన్నాయి. ఇసకపల్లి దగ్గర ఉప్పు మడులు ఉన్నాయి. రొయ్యలు, చేపలు, ఐసు, మేత బస్తాలు, ఉప్పు అన్నీ లారీల మీదే కదులుతాయి. లారీలు గుంటల గట్ల మీదుగా మట్టి రోడ్డెక్కుతాయి. అక్కడి నుంచి చెన్నై, కోల్‌కతా పోయే పెద్ద రోడ్డెక్కుతాయి.

ఈ ఊళ్లలో ఎన్నో ఇళ్లకు బండే కూడు పెడుతుంది. ఒక ఇంట్లో భర్త డ్రైవరు. ఇంకో ఇంట్లో కొడుకు క్లీనరు. మరో ఇంటివాళ్లు అప్పు చేసి చిన్న ట్రక్కు కొన్నారు. నెలనెలా కంతు కట్టాలి. బండి ఆగినా కంతు ఆగదు. అందుకే బండి సంగతి ఇంట్లో ఆడవాళ్లకూ తెలియాలి.

కొన్నాళ్లు తిరిగాక బండి ముందు వైపు నుంచి కిర్రు కిర్రుమని శబ్దం వస్తుంది. "పాత బండి కదా, అట్టాగే అరుస్తుందిలే" అని కొందరు వదిలేస్తారు. అట్టా వదిలేయకూడదు. శబ్దం ఊరికే రాదు.

కందెన లేని బండి

ఎద్దుల బండి ఇరుసుకు కందెన పెట్టేవాళ్లు. కందెన ఎండిపోతే చక్రం కిర్రుమనేది. బావి గిలక కూడా అంతే. తలుపు బందు కూడా అంతే. రెండు ఇనుములు ఎండుగా రాసుకుంటే అరుస్తాయి. లారీ అయినా, చిన్న ట్రక్కు అయినా సంగతి ఇదే. ఇప్పుడు కందెన బదులు గ్రీసు పెడతారు.

కమాను కట్ట అంటే ఏమిటి?

లారీ ముందు ఇరుసు మీద రెండు వైపులా ఇనుప పట్టీల కట్టలు ఉంటాయి. అవి విల్లులాగా వంగి ఉంటాయి. వీటినే కమాను కట్టలు అంటారు. 2005లో వచ్చిన టాటా ఏస్ చిన్న ట్రక్కుకు కూడా ముందు వైపు కమాను పట్టీలే పెట్టారు.

చక్రం గుంతలో పడినప్పుడు ఈ పట్టీలు సాగి, మళ్లీ వంగుతాయి. దెబ్బ బండికి పూర్తిగా తగలకుండా కాస్తాయి. అన్నిటికన్నా పైన ఉండే పెద్ద పట్టీ ముఖ్యమైనది. దాని రెండు కొసలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి. ఆ చుట్టలో బుష్ ఉంటుంది. బుష్‌లో పిన్ను ఉంటుంది. ఒక కొస బండి చట్రానికి కదలకుండా ఉంటుంది. రెండో కొస షాకిల్ అనే ఊగే ముక్కకు ఉంటుంది. పట్టీ సాగినప్పుడు షాకిల్ ఊగుతుంది. కట్ట నడుమ ఒక సెంటరు బోల్టు ఉంటుంది. కట్టను ఇరుసుకు బిగించేవి యూ బోల్టులు.

ఉప్పు గాలి చేసే పని

సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. రొయ్యల పెట్టెల నుంచి కారే నీళ్లలోనూ ఉప్పు ఉంటుంది. ఉప్పు ఎప్పుడూ చెమ్మను లాక్కుంటుంది. వానాకాలంలో ఇంట్లో ఉప్పు డబ్బా నీరు కారడం అందరికీ తెలిసిందే. ఇనుము మీద ఉప్పు పేరుకుంటే అక్కడ చెమ్మ నిలుస్తుంది. తుప్పు పడుతుంది. తుప్పు గరుకుగా ఉంటుంది. పట్టీల మధ్య తుప్పు చేరితే అవి జారలేవు. రాసుకుని కిర్రుమంటాయి. అందుకే ఒడ్డు ఊళ్లలో తిరిగే బండికి ఈ బాధ తొందరగా వస్తుంది.

శబ్దం ఎక్కడిది?

మొదట శబ్దం ఎప్పుడు వస్తుందో వినాలి.

గుంతలో పడినప్పుడు కిర్రుమంటే పట్టీలో, షాకిల్ పిన్నులో, బుష్షులో చూడాలి.

నిలబడిన బండిలో స్టీరింగు తిప్పినప్పుడు కిర్రుమంటే కింగ్ పిన్ను చూడాలి. చక్రం పక్కకు తిరిగేది ఈ పిన్ను మీదే.

బ్రేకు వేసినప్పుడు టక్కుమంటే యూ బోల్టులు, బుష్షులు వదులయ్యాయేమో చూడాలి.

కిర్రుమంటే ఎక్కువగా ఎండిన చోటు. టక్కుమంటే ఎక్కువగా వదులైన చోటు. ఈ తేడా గుర్తు పెట్టుకోవాలి.

తరువాత ఒక చెంబుడు మంచినీళ్లతో పరీక్ష చేయవచ్చు. బండిని చదును నేల మీద నిలపాలి. చిన్న ట్రక్కు అయితే ఇద్దరు ముందు వైపు నొక్కి వదలాలి. పెద్ద లారీ అయితే డ్రైవరు మెల్లగా ఒక చెక్క మీదికి ఎక్కించి దించాలి. వినేవాళ్లు పక్కకు, దూరంగా నిలబడాలి. తరువాత బండిని ఆపి ఒక్క చోట మాత్రమే నీళ్లు పోయాలి. మళ్లీ బండిని ఊపాలి. శబ్దం తగ్గితే దోషం అక్కడే. తగ్గకపోతే పక్క చోట పోయాలి. పట్టీల మధ్య ఎప్పుడూ వేళ్లు పెట్టకూడదు.

ఏం చేయాలి?

మొదట మంచినీళ్లతో కడగాలి. ఉప్పు, మట్టి పోవాలి. ఆరనివ్వాలి.

పిన్నులకు గ్రీసు ఎక్కించే చిన్న ముక్కు ఉంటుంది. దాన్ని నిప్పిల్ అంటారు. దాన్ని గుడ్డతో తుడవాలి. తుడవకపోతే గ్రీసుతోపాటు ఇసుక లోపలికి పోతుంది. గ్రీసు గన్నుతో కొట్టాలి. నల్లటి పాత గ్రీసు బయటికి వచ్చి, కొత్త గ్రీసు కనపడాలి. అప్పుడే గ్రీసు లోపలికి పోయినట్టు. గ్రీసు ఎక్కకపోతే నిప్పిల్ మూసుకుపోయింది. దాన్ని మార్చాలి. అది చిన్న ఖర్చు. మార్చకపోతే పిన్ను, బుష్ అరిగిపోతాయి. అది పెద్ద ఖర్చు.

కింగ్ పిన్నుకు గ్రీసు కొట్టేటప్పుడు ముందు ఇరుసును జాకీతో లేపాలి. బరువు తీస్తేనే గ్రీసు అన్ని వైపులకూ పోతుంది.

కొన్ని బండ్లలో రబ్బరు బుష్షులు ఉంటాయి. వాటికి గ్రీసు, డీజిలు, నూనె పూయకూడదు. రబ్బరు ఉబ్బి పాడవుతుంది. చీలిన రబ్బరు బుష్షును మార్చడమే దారి.

పట్టీల మధ్య తుప్పు ఉంటే కమాను పనివాళ్ల దగ్గర కట్టను విప్పించాలి. తుప్పు గీకించి, గ్రాఫైటు గ్రీసు పూయించాలి. కొందరు కాలిన ఇంజను ఆయిలు పోస్తారు. నాలుగు రోజులు శబ్దం ఆగుతుంది. తరువాత ఆ ఆయిలుకు ఇసుక అంటుకుని పట్టీలను అరగదీస్తుంది. ఆయిలు బ్రేకుకు అంటితే బ్రేకు పట్టదు.

జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ బండి కిందికి పోకూడదు. వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి. చట్రం కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. ఇది క్లీనరు ప్రాణానికి సంబంధించిన మాట.

ఎప్పుడు బండి కదపకూడదు?

కిర్రుమనే శబ్దానికి రెండు రోజులు ఆగినా ఆగవచ్చు. ఈ గుర్తులు కనపడితే మాత్రం ఆగకూడదు.

బండి ఒక పక్కకు ఒరిగి ఉంది. పట్టీ మీద చీలిక ఉంది. యూ బోల్టు నట్టు వదులైంది. స్టీరింగు ఒక పక్కకు లాగుతా ఉంది. షాకిల్ పిన్ను చేతితో ఊపితే ఊగుతా ఉంది.

సెంటరు బోల్టు తెగితే ఇరుసు వెనక్కి జరుగుతుంది. పెద్ద పట్టీ విరిగితే స్టీరింగు డ్రైవరు మాట వినదు. అప్పుడు పోయేది బండి ఒక్కటే కాదు. డ్రైవరు, ఎదురుగా వచ్చేవాళ్లు కూడా. కొన్నిచోట్ల పనికి పోయే ఆడవాళ్లను సరుకు బండి వెనక ఎక్కిస్తారు. అది చట్టం ఒప్పుకోని పని. పట్టీ విరిగితే ముందు ఎగిరిపడేది వాళ్లే.

విరిగిన పట్టీకి వెల్డింగు పెట్టించకూడదు. వేడికి ఆ ఉక్కులో బలం పోతుంది. మళ్లీ అక్కడే, ఆ పక్కనే విరుగుతుంది. కొత్త పట్టీ వేయించాలి. యూ బోల్టులు కొత్తవి వేయించాలి. కొన్నాళ్లు తిరిగాక వాటిని మళ్లీ బిగించాలి.

బండికి ఒక నోటు పుస్తకం

చదువు వచ్చిన ఆడవాళ్లు బండికి ఒక పుస్తకం పెట్టవచ్చు. అందులో తేదీ రాయాలి. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాయాలి. శబ్దం ఏ పక్క, ఎప్పుడు వచ్చిందో రాయాలి. ఏ సామాను మార్చారు, ఎంత ఇచ్చారు రాయాలి. గ్రీసు ఎప్పుడు కొట్టించాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఉప్పు నేలల్లో తిరిగే బండికి అంతకన్నా ముందే కొట్టించాలి.

మెకానిక్ "మొత్తం మార్చాలి" అంటే, "ఏది అరిగింది? చూపించు" అని అడగాలి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోవాలి. పుస్తకంలో రాసి ఉంటే అదే సామానుకు రెండుసార్లు డబ్బు పోదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ఒడ్డు ఊళ్లలో బండికి తుప్పు ఎందుకు తొందరగా పడుతుంది?
2. కిర్రుమనే శబ్దానికీ, టక్కుమనే శబ్దానికీ తేడా ఏమిటి?
3. ఏ గుర్తులు కనపడితే బండి కదపకూడదు?
4. మీ ఇంటి బండికైనా, ఆటోకైనా పుస్తకం ఉందా? లేకపోతే మొదటి వరుసలో ఏం రాస్తారు?